రాహుకాలానికి ముందే ఇంజన్

మేం ఒమన్‌లోని సహంలో ఉంటాం. రెండు తలుపుల పాత ఇటలీ కారు ఒకటి కొన్నాను. దాని పాడైన ఇంజన్ తీసేసి, ఇంటి ముందే మరొకటి బిగించడం మొదలుపెట్టాను. "పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేయక ఎందుకు బావా ఈ అవస్థ" అని మా బావమరిది నలుగురిలో నవ్వాడు. ఆ నవ్వు నాకింకా గుర్తే.

ఇంజన్ కూర్చోబెట్టిన శుక్రవారం కూడా అతను వదల్లేదు. "పదిన్నరకి రాహుకాలం వచ్చేస్తది. ఈలోపే స్టార్ట్ చెయ్యి బావా, తర్వాత నన్ననకు" అంటూ వెంటపడ్డాడు. అతని పోరు పడలేక గబగబా బోల్టులు బిగించి సీట్లో కూర్చున్నాను. తాళం తిప్పబోతుంటే, చక్రాల కింద నిమ్మకాయలు పెడుతున్న మా ఆవిడ గోడవైపు చూసి, "ఏవండీ, ఈ ఆయిల్ డబ్బాలకి సీలు కూడా తియ్యలేదేంటి?" అంది.

తాళం మీంచి చెయ్యి తీసేశాను. ఇంజన్‌లో చుక్క ఆయిల్ లేదు. స్టార్ట్ చేసి ఉంటే కాసేపట్లో ఇంజన్ పట్టేసి, నెలల కష్టం మూలన పడేది.

దిగి తీరిగ్గా ఆయిల్ పోశాను. పన్నెండు దాటాక తాళం తిప్పితే ఇంజన్ ఒక్కసారికే అందుకుంది. "చూశావా, రాహుకాలం పోయాకే పలికింది" అన్నాడు బావమరిది. ఎవరైనా ఒక మాటంటే ఏళ్ల తరబడి సాధించే నేను, గుండె కుదుటపడిన ఆ సంతోషంలో అతన్ని తిరిగి ఒక్క మాటా అనలేదు.