షామీర్‌పేట నుంచి రావాల్సిన జవాబు

మొన్న ఆదివారం చర్చి అయ్యాక యాప్రాల్‌లో ఉండే మా తమ్ముడి కారులో షామీర్‌పేట అవతల ఒక గృహప్రవేశానికి బయలుదేరాం. కొత్త వెంచర్ల మధ్యకు వెళ్లేసరికి ఫోన్లోని మ్యాప్ చేతులెత్తేసింది. వాడు విసుక్కుంటుంటే నేను అద్దం దించి, మక్కబుట్టలు కాలుస్తున్న ఆవిడను అడిగాను. ఆమెకు ఆ ఇల్లు తెలియదు, "సీదా పోయి గా ట్యాంకి కాడ అడుగుండ్రి" అంది. ట్యాంకు దగ్గరి మెకానిక్ ఒక మలుపు దాకా చెప్పాడు, మలుపులోని కిరాణా ఆయన గేటు దాకా చెప్పాడు. మొత్తం దారి ఎవరికీ తెలియకపోయినా మేం భోజనాల వేళకు చేరిపోయాం. నాకు నవ్వాగలేదు, ఎందుకంటే నా మొదటి ఉద్యోగంలో నేర్చుకున్నది అచ్చంగా ఇదే.

మోడెమ్ కీచుమంటుంటే చెవులు మూసుకున్న తరం మనది కాబట్టి మీకు చెప్పుకోవచ్చు. ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్ చూసుకునే పని నాది. ఆఫీసు మేడ్చల్‌లో, తరగతులూ ల్యాబులూ షామీర్‌పేటలో, రెండింటినీ కలుపుతూ ఒక లైను, దానికి చెరో కొసన ఒక రౌటర్. నా పైన ఒక సీనియర్ ఉండేవాడు, అందరం ఆయన్ను అన్న అనేవాళ్లం. ఎవరినీ గట్టిగా ఏమీ అనడు, కానీ చాదస్తం మాత్రం జాస్తి. రౌటర్‌కు లోకమంతా తెలియదని, వచ్చినదాన్ని ఏ పక్కవాడి చేతిలో పెట్టాలో మాత్రమే తెలుసని, ఆ పక్కవాడు మరో పక్కవాడికి అందిస్తాడని ఆయనే నేర్పాడు. పోయే దారి రాసి మురిసిపోతే చాలదు, జవాబు తిరిగొచ్చే దారి అవతలి రౌటర్‌లో వేరుగా రాయాలని కూడా చెప్పేవాడు.

ఆయన చాదస్తం ఏమిటంటే, దూరాన ఉన్న రౌటర్‌ను ఇక్కడి నుంచి ముట్టుకునే ముందు, పదిహేను నిమిషాల్లో దానంతట అదే ఆగి మళ్లీ లేచేలా గడువు పెట్టాలి. మార్చింది సరిగ్గా పనిచేస్తే గడువు రద్దు చేసి ఆ మార్పును భద్రపరచాలి. బెడిసికొడితే అది లేచేటప్పుడు కొత్తది మరిచిపోయి పాత దారితోనే లేస్తుంది. పొద్దస్తమానం ఈ గడువులేమిటని నేను లోలోపల తెగ గొణుక్కునేదాన్ని.

ఆ ఏడు కుత్బుల్లాపూర్‌లో నాయిన పనిచేసే మందుల ఫ్యాక్టరీ మూతపడింది. ఇంటికి నా జీతం ఒక్కటే ఆధారం. తమ్ముడు మా కాలేజీలోనే ఆఖరి సంవత్సరం. ఒక కంపెనీ వాళ్లు షామీర్‌పేట ల్యాబులో కంప్యూటర్ల మీద పరీక్ష పెట్టి ఉద్యోగాలిస్తామన్నారు. పొద్దున పది గంటలకు పరీక్ష, ప్రశ్నలు మేడ్చల్ ఆఫీసు నుంచే ఆ లైను మీద రావాలి. అమ్మ ఉపవాసముండి ప్రార్థనలో కూర్చుంది.

నేను ఊరుకుంటే సరిపోయేది. పాత లైను మందకొడిగా ఉందని, తమ్ముడికి ప్రశ్నలు జల్దీ తెరుచుకోవాలని, మేడ మీద కొత్తగా బిగించిన, తీగ లేకుండా గాలిలోనే పంపే రేడియో లింకు గుండా దారి మళ్లిద్దామని బుద్ధి పుట్టింది. తొమ్మిదీ ఇరవైకి షామీర్‌పేట రౌటర్‌లోకి వెళ్లి, మేడ్చల్‌కు పోయేదంతా ఇకపై ఆ లింకుకే అప్పజెప్పమని రాసి మీట నొక్కాను. తెర బిగుసుకుపోయింది. మా వైపు ఆ లింకుకు ఇంకా కరెంటే ఇవ్వలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నేను పంపేది అక్కడికి చేరుతోంది, అక్కడి జవాబే ఎటో పోతోంది. కూర్చున్న కొమ్మను నరుక్కున్నానన్నమాట. అక్కడ ఎవరిచేతనైనా దాన్ని ఆపి వేయిద్దామంటే ఆ గది తాళంచెవి అన్న జేబులో ఉంది, ఆయన అప్పుడే మెట్లెక్కి వస్తున్నాడు.

ఆయన లోపలికి రాగానే అంతా చెప్పాను. ఆయన ఒకే ఒక్కటి అడిగాడు, గడువు పెట్టావా అని. ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు. స్కూటర్ మీద షామీర్‌పేటకు అరగంట, అప్పటికే తొమ్మిదిన్నర. వెంటనే బయలుదేరితే పదింటికి చేరతాం, ఆగి చూశాక గడువు పెట్టలేదని తేలితే పరీక్ష పోయినట్టే. ఆయన తాళంచెవి బల్ల మీద పెట్టి కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"నువ్వు పెట్టకుండ ఉండవు చెల్లె. ఆగుదాం."

ఇంతలో ప్రిన్సిపాల్ ఫోన్ చేస్తే, లైను మేమే చూస్తున్నామని, వచ్చేస్తుందని చెప్పాడు. నా పేరు ఎత్తలేదు. తెర మీద జవాబు లేదు, జవాబు లేదు అంటూ వరుసలు పడుతూనే ఉన్నాయి. నేను గోడ గడియారం వంకా నా కాళ్ల వంకా మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాను. తొమ్మిదీ ముప్పై అయిదు దాటింది, గడువు ఉంటే అది ఆగి లేవడానికి ఇంకో మూడు నాలుగు నిమిషాలు పడుతుంది, ముప్పై ఏడు దాటింది. ముప్పై తొమ్మిదికి ఒక వరుస మారింది, దాని కింద మరొకటి. షామీర్‌పేట జవాబిస్తోంది. నా ప్రాణం లేచొచ్చింది, సిగ్గు విడిచి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. అన్న తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"నీకు యాది లేకున్నా నీ చెయ్యికి యాదికున్నది. ఇగ చాయ్ తాగుదాం పా."

తమ్ముడు ఆ పరీక్షలో నెగ్గాడు, ఇల్లు నిలబడింది. ఈ కథ వాడికి మొన్న కారులో చెప్పేదాకా తెలియదు. "గా దినం గింతైందా అక్కా, మాకు పదింటికే మొదలాయె" అని ఆశ్చర్యపోయాడు. అది విన్నాక, ఇన్నేళ్ల తర్వాత కూడా నా గుండె మరోసారి తేలికపడింది.

ఇప్పటి రౌటర్లు ఒక దారి తెగితే రెప్పపాటులో ఇంకో దారి వెతుక్కుంటాయి, పక్కవాళ్లతో అవే మాట్లాడుకుంటాయి, మనిషి కూర్చుని కాపలా కాయాల్సిన పని లేదు. మంచిదే, ఎవరి తమ్ముడి పరీక్షకూ అంత గండం రాకూడదు. అన్న పోయి నాలుగేళ్లవుతోంది. ఆ రోజు నేను గడువు పెట్టకపోయి ఉంటే, నన్ను నమ్మి ఆగి తప్పు తన మీద వేసుకున్నందుకు ఆయన ఉద్యోగమూ పోయేదన్న సంగతి నాకు చాలా కాలానికి గానీ తట్టలేదు, తట్టిన రోజున ఆయనతో చెప్పనూ లేదు.