దయ్యాల పుస్తకంలో వేపరెమ్మ

వానలు పట్టాయంటే నాకు దయ్యాల కథలు చదవాల్సిందే. ఈ రోజు ఇక్కడ భిలాయ్‌లో హరేలీ అమావాస్య, వానాకాలపు రైతుల పండగ. గాలీ ధూళీ రాకుండా ఇక్కడివాళ్లు గుమ్మాలకు వేపరెమ్మలు కడతారు. పక్క క్వార్టర్ పిన్నిది శ్రీకాకుళమే అయినా, భిలాయ్ వచ్చాక అది ఆవిడకూ పండగే. పొద్దున మా గుమ్మానికీ రెమ్మ కట్టి, నా చేతిలో పుస్తకం చూసి ఆగిపోయింది.

“గుమ్మానికి కట్టి ఏటి లాభమే? దయ్యాన్ని నువ్వు ఒళ్లో కూకోబెట్టుకున్నావు గదా!” అంటూ, నేను చదువుతున్న పేజీలో కూడా ఒక రెమ్మ పెట్టి మూసేసింది.

అమ్మ దగ్గర లేని ఊళ్లో, నాకు గాలి సోకుతుందని బెంగపడే మనిషి ఉండటం ఎంత అదృష్టం!

కథలో పెళ్లికూతురు ఇంకా బావి గట్టు మీదే నిలబడి ఉంది. సాయంత్రమైనా ఆ రెమ్మ తీయడానికి నాకు ధైర్యం చాలడం లేదు. మీరైతే తీస్తారా?