నీళ్లు పట్టొద్దన్న బుచ్చవ్వ

హుస్నాబాద్‌కు ఆరు మైళ్ల అవతల, వాగు ఒడ్డునున్న ఆ ఊళ్లో బుచ్చవ్వ మాటంటే మాటే. ఊళ్లో సగం మంది పిల్లలు పుట్టగానే పడ్డది ఆమె చేతుల్లోనే. పిల్లకు దగ్గొచ్చినా, కడుపునొప్పొచ్చినా ముందు ఆమె గడప తొక్కాలి, ఆ తర్వాతే దవాఖానా. చదువు రాదు, పైసా పుచ్చుకోదు, ఎదురు చెబితే మాత్రం ఊరుకోదు. ఇంత మంచి మనిషిలో లోపమే లేదనుకునేరు. ఒకటుంది, పంతం. ఆ పంతం ఊరికే రాలేదు, ఒక కొడుకును మట్టిలో పెట్టాక వచ్చింది.

ముప్పై ఏళ్ల కిందట ఊళ్లోకి గత్తర వచ్చింది. కలరాను అక్కడ అలాగే అంటారు. ఆమె మూడేళ్ల లింగడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్లు నీళ్లు అని పిల్లవాడు ఏడుస్తుంటే, ఇవ్వొద్దని పెద్దలు కూర్చున్నారు. పొద్దంతా ఓర్చుకుంది. సాయంత్రానికి మనసు ఆగక, ఎవరూ చూడకుండా ఒక గుక్క పోసింది. గంటలో పిల్లవాడు పోయాడు. ఆ గుక్కే చంపిందని బుచ్చవ్వ నమ్మింది. అప్పటి నుంచి విరేచనాలు పట్టిన పిల్లకు నీటిచుక్క పట్టనిచ్చేది కాదు.

"ఓటి కుండల నీళ్లు వోస్తె ఆగుతయానే?" అని తల్లులను కసిరేది. తడిగుడ్డతో పెదవులు అద్దడం, చిటికెడు వాము పొడి నాకించడం, అంతే ఆమె వైద్యం.

1981 వానకాలంలో గత్తర మళ్లీ వచ్చింది. నాలుగు రోజుల్లో ముగ్గురు పెద్దవాళ్లు, రామవ్వ అనే తల్లి రెండేళ్ల కొడుకు పోయారు. ఆ పసివాడి దగ్గర చివరిదాకా కూర్చున్నది బుచ్చవ్వే. అయిదోరోజు పొద్దున గత్తర ఆమె ఇంట్లోకే వచ్చింది. దుబాయిలో ఉన్న చిన్నకొడుకు కైలాసం బిడ్డ, నాలుగేళ్ల గంగమణి పడిపోయింది. బియ్యం కడిగిన నీళ్లలా పోతూనే ఉంది. మధ్యాహ్నానికి కళ్లు గుంటలు పడ్డాయి. వాగు పొంగి బస్సు బంద్.

"బాపమ్మా, జరన్ని నీళ్లు" అంది పిల్ల.

బుచ్చవ్వ తడిగుడ్డ అద్దింది. కోడలు బాలలక్ష్మి గోడకానుకుని నోట్లో కొంగు కుక్కుకుంది.

సూదులు వేయడానికి వచ్చి వాగు ఇవతలే చిక్కుకుపోయిన నర్సు సరళాదేవి అప్పుడే లోపలికొచ్చింది. పిల్ల పొట్టమీది తోలు రెండు వేళ్లతో పట్టి వదిలింది. అది మడతపడి అట్లాగే ఉండిపోయింది.

"సెలైన్ సీసాలు నిన్ననే అయిపోయినయి. కాగబెట్టి సల్లార్చిన నీళ్లు చెంబెడు తేండ్రి. పిడికెడు చక్కెర, మూడు వేళ్లకు వచ్చినంత ఉప్పు కలిపి చెంచ చెంచ పొయ్యుండ్రి."

బాలలక్ష్మి చెంబుకోసం ఉరికింది. నీళ్లు కాచి, చల్లార్చి, కలిపి తెచ్చేసరికి బుచ్చవ్వ కోడలి మణికట్టు పట్టుకుంది.

"పొయ్యకు. ఓటి కుండల పోస్తరా?"

"కుండ గాదవ్వా, పిల్ల," అంది సరళాదేవి. "పోయిన నీళ్లు పోయినట్టే లోపటికి రావాలె. లేకుంటె పొద్దుగూకేదాక ఉండదు."

"గిట్లనే ఒక గుక్క వోసి నా కొడుకును జంపుకున్న. నీకేం ఎరుక!"

బుచ్చవ్వ ఆ మణికట్టు వదల్లేదు. ఇవ్వకుండా పోతే దేవుడు తీసుకుపోయినట్టు. ఇచ్చాక పోతే రెండోసారీ తనే చంపినట్టు. మనిషి మనసు ఎంత గడుసుదో చూడండి! పిల్ల ప్రాణాన్ని తూచుతున్నాననుకుంటూ తన తప్పును తూచుకుంటోంది.

సరళాదేవి కోపం తెచ్చుకోలేదు. "ఆ దినం పిలగానికి పొద్దటిసంది నీళ్లు ఇచ్చిండ్రా?"

"సుక్క గూడ ఇయ్యలే."

"పొద్దంత సుక్క లేదు. పొద్దుగూకినంక ఒక్క గుక్క." నర్సు ఆమె ముఖంలోకి చూసింది. "గుక్క చంపలేదవ్వా. గుక్క ఆలస్యమైంది."

ఆ మాటకు బుచ్చవ్వ పిల్ల వైపు తిరిగింది. అప్పుడుగాని బుచ్చవ్వ గమనించలేదు, గంగమణి నీళ్లడగడం మానేసింది. నాలుక అంగిటికి అంటుకుని, కళ్లు సగం తెరిచి, ఎటో చూస్తోంది. లింగడు చివరిదాకా అడుగుతూనే ఉన్నాడు. ఇది అడగడం లేదు.

బుచ్చవ్వ కోడలి చెయ్యి వదిలింది. "చెంచ ఇటు తే. పోతె నా చేతులనే పోనియ్యి."

మొదటి చెంచా కారిపోయింది. రెండోది మింగింది, వెంటనే కక్కేసింది. బుచ్చవ్వ చంపేసేలా చూసింది నర్సు వంక.

"పది నిమిషాలాగి మళ్ల పొయ్యి," అంది సరళాదేవి. ఆ పది నిమిషాలు ఎలా గడిచాయో ఆ ముగ్గురు ఆడవాళ్లకే తెలుసు.

మళ్లీ పోసింది. నిలిచింది. చెంచా తర్వాత చెంచా. ఒక చెంబు అయ్యి రెండోది సగమైంది. చెయ్యి గుంజుతున్నా చెంచా ఎవరికీ ఇవ్వలేదు. దీపాలవేళకు గంగమణి ఉచ్చ పోసింది, తర్వాత గట్టిగా ఏడ్చింది. ఏడిస్తే కన్నీళ్లొచ్చాయి.

"ఇగ ఫికర్ లేదవ్వా. పోస్తనే ఉండుండ్రి," అంది నర్సు.

బాలలక్ష్మి బిడ్డను గుండెకు హత్తుకుని గొల్లున ఏడ్చింది. బుచ్చవ్వ కూడా నవ్వింది, దేవుడికి దండం పెట్టింది. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. చెంచా కోడలి చేతిలో పెట్టి, నెత్తిన గోనెసంచి కప్పుకుని వానలోకి నడిచింది.

పిల్లలున్న ప్రతి ఇంటి ముందూ ఆగింది. "నీళ్లు ఇయ్యుండ్రి. ఉప్పు, చక్కెర ఏసి ఇయ్యుండ్రి. నేను జెప్పింది తప్పు, ఇనకుండ్రి" అంది. జనం నోళ్లు తెరిచారు. తప్పు అన్న మాట ఆమె నోట ఎవరూ వినలేదు మరి.

ఆఖరుకు రామవ్వ ఇల్లు. అక్కడ ఇప్పుడు నీళ్లు పట్టాల్సిన పిల్ల లేదు. దాటిపోవచ్చు. అడిగేవాళ్లూ లేరు. బుచ్చవ్వ దాటిపోలేదు. గడపమీద కూర్చున్న రామవ్వకు కూడా అదే చెప్పింది, మాట మార్చకుండా.

రామవ్వ తల తిప్పి లోపల వడ్లు పోసే గుమ్మి వైపు చూసింది.

"చెంబు దాసిన అవ్వా," అంది. "నువ్వు వద్దన్నవని, వాని కంట వడకుండ గుమ్మి ఎనుక దాసిన. వాడు దిక్కు దిక్కు సూసిండు."

బుచ్చవ్వ గడప ముందు బురదలోనే కూలబడింది.

"నన్ను తిట్టు బిడ్డా," అంది.

రామవ్వ తిట్టలేదు.