ఆటలమ్మ పడుకునే చోటు

టీకాల బాబు పోయారని మంగళవారం పొద్దున్న బరంపురంలో మా ఇంటికి కబురొచ్చింది. ఎనభై దాటిన మనిషి, నిద్రలోనే వెళ్లిపోయారట. మా సముద్రపు పల్లెలో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్లు లేరు. మశూచి టీకాలు వేసే సర్కారు ఉద్యోగి కాబట్టి టీకాల బాబు, అంతే. ఆయన లేకపోతే మా అమ్మకి అత్తవారింట్లో చోటుండేది కాదు. ఆ సంగతి నలుగురికీ చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఒడిశా కొత్త రాష్ట్రంగా ఏర్పడి, మా పల్లె అందులో చేరిన తొలి సంవత్సరాలవి. అంతవరకూ మద్రాసు వెళ్లే ఆయన రిపోర్టులు కొత్త రాజధాని కటకం వెళ్లసాగాయి. "రాష్ట్రం మారినాదని రోగానికి ఎవులు సెప్పారు?" అని నవ్వేవారు. పల్లెకొస్తే ఒడ్డున పడవ నీడలో కూర్చుని, పిల్లలకి ముందు సూది చూపించేవారు. "సూడండి, బాగా సూడండి. సూస్తే బయం తగ్గుతాది." మాకేమీ తగ్గేది కాదు, ఏడుస్తూనే చూసేవాళ్లం. తర్వాత ఒక్కో గడపా ఎక్కి, పోయినసారి నుంచి ఎవరికి జ్వరం వచ్చింది, ఎవరికి అమ్మవారు పోసింది అని అడిగేవారు. కాగితం మీద పెట్టేవారు కాదు. ఏళ్లు గడిచినా ఏ ఇంట్లో ఎవరికి ఏమొచ్చిందో ఆయనకి గుర్తే.

నాకప్పుడు ఏడేళ్లు. నాన్న పనికోసం రంగూన్‌లో ఉన్నాడు. అమ్మ నన్ను తీసుకుని, సరిహద్దు అవతల మద్రాసు వైపే ఉండిపోయిన ఇచ్చాపురం దగ్గర కన్నవారింటికి వెళ్లి ఎనిమిది రోజులుండి వచ్చింది. వచ్చిన ఐదో రోజు నా ఒళ్లంతా పొక్కులు లేచాయి. అదే రోజు మా చిన్నాన్న కొడుక్కీ లేచాయి. నానమ్మ గుండెలు బాదుకుంది.

"మద్రాసోళ్ల ఊరికెల్లి మశూచి మోసుకొచ్చినాది! పిల్లల్ని మింగేత్తాది!"

మా కులపెద్ద వచ్చి, పిల్లని తీసుకుని పుట్టింటికే వెళ్లిపొమ్మని అమ్మతో చెప్పాడు. మళ్లీ రమ్మనే మాట ఎవరూ అనలేదు. అమ్మ మూటకట్టి గుమ్మంలో కూర్చుంది. మశూచి అంటే సర్కారుకి తెలియజెయ్యాలి కనుక కులపెద్దే టీకాల బాబుకి కబురంపాడు.

ఆయన నన్ను వెలుగులోకి తీసుకొచ్చి వీపూ ఛాతీ చూశారు.

"మశూచి కాదు. అదైతే పొక్కులన్నీ ఒక్క ఈడువి, మొకం మీద, సేతుల మీద ఎక్కువ. ఇవి ఒంటి మీద ఎక్కువ. ఒకటి మొన్నటిది, ఒకటి ఇయ్యాలది. ఇది ఆటలమ్మ." ఇంట్లోకి తొంగి చూసి, "ఈ ఇంట్లో ఎవులికైనా అక్కి లేసిందా?" అన్నారు.

లోపల్నుంచి తాత నెమ్మదిగా వచ్చి తుండు తొలగించాడు. ఎడమ పక్కటెముకల వెంట, ఒక్క వైపే, పట్టీ వేసినట్టు ఎండుతున్న పొక్కులు. అక్కికి మందని కుమ్మరి పూసిన ఎర్ర కావి ఇంకా ఉంది. అమ్మ ప్రయాణానికి ముందురోజు దాకా నేనూ, చిన్నాన్న కొడుకూ ఆయన ఒళ్లోనే ఆడుకున్నాం.

"సిన్నప్పుడు నీకు ఆటలమ్మ పోసిందా, పెద్దయ్యా?"

"పోసిందని మా అమ్మ సెప్పీది."

"అది ఎల్లిపోలేదు. నీలోనే పడుకున్నాది. సత్తువ తగ్గాక లేసి అక్కి అయినాది. ఆ పొక్కుల నీరు తగిలితే పిల్లలకి మళ్లీ ఆటలమ్మే. తగిలిన రెండు వారాలకి బయట పడతాది. నీ సిన్నోడి కొడుకు గిరిసోల సరిహద్దు దాటలేదు కదా, మరి ఈడికి ఐదు రోజుల్లో ఎలాగొచ్చిందేటి?"

కులపెద్ద తలూపలేదు. "అక్కడ రోగం నేదని ఏటి రుజువు?"

"ఎల్లి సూసొస్తాను. నేనొచ్చేదాకా ఈ అమ్మని గడప దాటించకూడదు."

గిరిసోల అవతల మద్రాసు రాష్ట్రం, అక్కడ ఆయన ఉద్యోగానికి సంబంధం లేదు. అయినా వెళ్లారు. మూడోరోజు మధ్యాహ్నం దుమ్ము కొట్టుకుపోయిన పంచెతో తిరిగొచ్చి, నీళ్లైనా తాగకుండా, "ప్రతి గడపా ఎక్కాను. ఒక్క పిల్లకీ నేదు" అన్నారు.

అప్పుడు తాత లేచాడు. "నా మూలంగా వచ్చినాది. పంపితే నన్ను పంపండి."

"నీ తప్పూ కాదు పెద్దయ్యా. పొక్కులు ఎండి రాలేదాకా పిల్లల్ని ఎత్తుకోకు, సాలు."

ఆ సాయంత్రం నానమ్మే అమ్మ మూట విప్పి, అన్నం కలిపి ముందు పెట్టింది. అమ్మ తింటూ ఏడ్చింది.

మా పొక్కులు మాడిపోయాయి. తాతకి మాత్రం పొక్కులు పోయినా ఆ పక్క మంట పోలేదు. చొక్కా తగిలినా ఓర్చుకోలేకపోయేవాడు. టీకాల బాబు వచ్చినప్పుడల్లా ఆయన పక్కన కాసేపు కూర్చునేవారు. "దీనికి నా దగ్గర మందు నేదు" అని దాచకుండా చెప్పేవారు.

నేను చదువుకుని బరంపురంలో టీచరునయ్యాను. యాభయ్యో ఏట నా నడుము చుట్టూ, కుడివైపు, అక్కి లేచింది. ఆసుపత్రి డాక్టరు వివరంగా చెప్పారు: ఆటలమ్మ తగ్గాక దాని వైరస్ వెన్నుపూస పక్కన నరాల మొదళ్లలో దాక్కుంటుంది, ఏళ్లతరబడి కదలదు. ఒంటి బలం తగ్గినప్పుడు లేచి, ఆ నరం వెంటే చర్మం మీదికి వస్తుంది. అందుకే ఒక్క వైపే పట్టీలా ఉంటుంది. జ్వరమొస్తే పెదవి మీద లేచే పొక్కుది కూడా దీని వంశమేనట. అదీ ఒకసారి వస్తే పోదు, ఆగి ఆగి లేస్తుంది.

తగ్గాక బరంపురంలోనే ఉన్న టీకాల బాబు ఇంటికి వెళ్లి ఇదంతా చెప్పాను. రిటైరై చాలా ఏళ్లయినా వీపు నిటారుగానే ఉంది.

"నరంలోనా!" అన్నారు, కళ్లు పెద్దవి చేసి. "పడుకుంటాదని నాకు తెలుసు. ఎక్కడో తెలీలేదమ్మా. ఇన్నాళ్లూ అదే ఆలోసన." తర్వాత తన వీపు మీద చెయ్యి వెనక్కి పోనిచ్చి, వెన్నుపూసలు ఒక్కొక్కటీ తడుముకుంటూ కూర్చున్నారు. ఆయన్ని నేనంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు.

నిన్న ఆయన్ని తీసుకెళ్లేటప్పుడు నేను ఆయన వీధి చివర ఉన్నాను. మా పల్లె ఆడవాళ్లు ఎనిమిదిమంది పొద్దుటి బస్సు దిగి, చేపల బుట్టలు కింద పెట్టి, గోడ పక్కన వరసగా నిలబడ్డారు. పాడె మలుపు తిరిగాక, బేరానికి వేళ మించిపోతోందని బుట్టలు నెత్తికెత్తుకున్నారు. పైకెత్తిన ఎనిమిది చేతుల మీదా, మోచేతికి పైన, పాత టీకా మచ్చలు ఎండలో తెల్లగా మెరిశాయి.