చంద్రి కాళ్ళు చాపి పండుకున్న మధ్యాహ్నం

మా చిన్నప్పుడు... తాండూరు స్టేషన్ బయట టాంగాలు వరుసగా నిలబడేవి. మా నాయిన టాంగా ఏదో ఎవర్నీ అడగాల్సిన పని లేదు. "నా గుర్రం పండుకునే జాతి కాదు! నిలబడే కునుకు తీస్తది" అని ఎక్కడ గట్టిగా వినిపిస్తే... అదే మాది.

గుర్రం పేరు చంద్రి. నుదుట తెల్లటి చుక్క. వికారాబాదులో ఎవరి దగ్గరో నాలుగైదు గుర్రాల మధ్య పెరిగినదాన్ని నాయిన కొత్తగా కొనుక్కొచ్చాడు. మా కొట్టంలో అదొక్కతే. వెనక కాలు ఒకటి కొంచెం మడిచి, కింది పెదవి వేలాడేసి, నిలబడే కునికేది. వచ్చినవాళ్ళందరికీ అది చూపించి నాయిన మురిసిపోయేవాడు. నేనూ తక్కువ తిన్నానా... బడిలో అవే గొప్పలు!

అమ్మకు మాత్రం అనుమానం. రోజూ పొద్దున చంద్రి ఒళ్ళు రుద్దేది అమ్మే. "ఒంటికి ఒక్క గడ్డిపోచ అంటుకుంటలేదు. వచ్చినప్పటిసంది ఇది నడుం వాల్చలే" అనేది. నాయిన నవ్వి ఊరుకునేవాడు.

ఒకరోజు పొద్దుటి రైలు దిగినవాళ్ళు టాంగా ఎక్కి కూర్చున్నారు. చంద్రికి నిలబడ్డచోటే కళ్ళు మూతలు పడ్డాయి... ముందుకాళ్ళు మడతపడి దబ్బున కూలింది. మోకాళ్ళు చెక్కుకుపోయి రక్తం! ఎక్కినవాళ్ళు పిల్లల్ని ఎత్తుకొని దిగిపోయారు. తర్వాత కూడా అదే తీరు. మూర్ఛ రోగమని టాంగాల అడ్డా అంతా పాకింది. మా టాంగా ఎక్కేవాళ్ళే లేకుండా పోయారు.

"అమ్మేస్త. బండల గనిల పనికి పోత" అన్నాడు నాయిన, కంచం ముందు కూర్చొని. ఆ గొంతులో గొప్ప లేదు, కోపం లేదు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

అమ్మ పప్పు వడ్డిస్తూ అంది... "రోగం లేదు, ఏం లేదు. దానికి నిద్ర లేదు. నేను గీ ఇంటికి కొత్తగ వచ్చినప్పుడు నాకు నిద్ర పట్టిందా? మా చెల్లె తోడొచ్చి పక్కన పండుకుంటెనే కన్ను మూసిన. పిల్లను అత్తగారింటికి పంపితే తోడు పంపుతరు గద... దీనికెవర్ని పంపిన్రు?"

"ఇప్పుడు ఇంకో గుర్రాన్ని ఏడికెళ్ళి తేవాలె?"

"గుర్రమే కావాల్నా?" అంటూ అమ్మ కొంగు దోపుకొని లేచింది.

పక్కింటి బాలక్కకు బట్టల మూటలు మోసే గాడిద ఉండేది. కాగ్నా వాగు నుంచి అది తిరిగి రాగానే అమ్మ తోలుకొచ్చి చంద్రి పక్కన కట్టేసింది. అప్పుడు నాయిన మొహం చూడాలి! "నా ఇజ్జత్ తీస్తున్నవు గదనే!" అని తల పట్టుకున్నాడు. అడ్డాలో ఇంకో టాంగా తోలే ఖాసిం మామ ఊరుకుంటాడా... "క్యా భాయ్, మీ రాణిగారికి గాడిద పహరానా?" అని ఒకటే నవ్వు.

కొన్ని రోజులు రెండూ వాసనలు చూసుకున్నాయి, కంది పొట్టు పంచుకున్నాయి. ఒక మధ్యాహ్నం... గాడిద గోడ నీడలో నిలబడి చెవులు అటూ ఇటూ తిప్పుతోంది. చంద్రి దానివైపు చూసింది. మట్టిని కాలితో గీకింది. ముందుకాళ్ళు మడిచి మెల్లగా వాలింది. ఆ తర్వాత మెడ కూడా నేలకానించి, నాలుగు కాళ్ళూ బార్లా చాపి... గురక! చచ్చిపోయిందనుకొని కెవ్వుమనబోతే అమ్మ నా నోరు మూసింది.

"ఊకో బిడ్డా... పండుకుంది."

సరిగ్గా అప్పుడే కందుల వ్యాపారం చేసే సేటు వాకిట్లోకి వచ్చాడు. "టాంగా కట్టవయ్యా, రైలు టైమైతుంది!" ఎన్నాళ్ళ తర్వాతో మా ఇంటికొచ్చిన బేరం అది. నాయిన గబగబా ఎదురెళ్ళి, నోటి మీద వేలేసుకున్నాడు.

"పండుకుంది సేటూ. లేపను. జర వేరే టాంగా సూస్కోండ్రి."

"నీ గుర్రం పండుకునే జాతి కాదంటివి గద?"

"పరాయి ఇంట్ల పండుకోదు" అన్నాడు నాయిన, ఛాతీ ఇంత చేసుకొని. "ఇది దాని ఇల్లు!"

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు పులకరిస్తుంది. చంద్రి మళ్ళీ కూలలేదు. ఏళ్ళకేళ్ళు మా కడుపు నింపింది. స్టేషన్ నుంచి రాగానే బాలక్క గాడిద ఎక్కడని వెతుక్కునేది. అడ్డాలో నాయిన పాట కూడా మారింది... "మా చంద్రి పండుకుంటె సూడాలె, మహారాణే!" పక్కనే అమ్మ ఉంటే మాత్రం, "అకల్ ఆమెది, తెలివంత ఆమెదే" అని కళ్ళతో చూపించేవాడు.

ఇప్పుడా అడ్డాలో ఆటోలున్నాయి. వాటికి నిద్రతో పని లేదు. నా ఇంటికి గ్రిల్లు, గొళ్ళెం, తాళం అన్నీ ఉన్నాయి... అయినా ఆ మధ్యాహ్నం చంద్రికి పట్టిన నిద్ర నాకు పట్టడం లేదు.

మీ ఇంట్లో ఎవరి నిద్ర కోసం అందరూ గొంతు తగ్గించి మాట్లాడేవారు? చెప్పండి... వినాలనుంది.