కృష్ణ ఒడ్డున ఫికర్ లేని కాసేపు

నాకు ఏ ఫికరూ లేదని గుర్తించిన క్షణంలోనే ఏదో ప్రమాదం జరుగుతోందని తెలిసింది. వేసవిలో కృష్ణ నీళ్లు వెనక్కి పోయాక బయటపడ్డ నేల మీద మోకాళ్లూని, కెమెరాకు కన్ను ఆనించి, అప్పుడే ఒక మంచి ఫొటో నొక్కాను. గుండెలో ఎప్పుడూ ఉండే బిగువు లేదు. హాయిగా ఉంది. నాకు హాయిగా ఉందంటే పిల్లలు కనబడటం లేదన్నమాట.

ఆ కెమెరా నా కోరిక కాదు, నా మందు. కొడుకు పుట్టిన తర్వాత నాకు భయాలు ఎక్కువయ్యాయి. పాలు విరిగితే భయం, బడి ఆటో ఆలస్యమైతే భయం. నల్లగొండలో పుట్టినదాన్ని, ఫ్లోరైడ్ భయంతో తాగే నీళ్లనే అనుమానించే ఊళ్లో పెరిగినవాళ్లకు మిగతావాటిని అనుమానించడం పెద్ద పని కాదు. దవాఖానలో డాక్టరమ్మ, "గుట్టలు, నీళ్లు చూస్తూ ఉండండి, మనసు కుదుటపడుతుంది," అంది. మా ఆయన దాన్ని మందుచీటీ లాగే తీసుకొని, పెండ్లిళ్లు తీసి తీసి అలిసిపోయిన కెమెరా ఒకటి స్నేహితుడి దగ్గర పట్టుకొచ్చాడు. మేముండేది కొల్లాపూర్‌లో. గుట్టలకూ నీళ్లకూ కొదవ లేదు.

అత్తమ్మకు ఈ వైద్యం నచ్చలేదు. "గీ గుట్టలనే చూసుకుంట ముసలోల్లమైనం. ఎవలకు కుదుటపడ్డది?" అనేది. అయినా ఆదివారాలు మాతో బయల్దేరేది, పిల్లలను కనిపెట్టడానికి కాదు, నన్ను కనిపెట్టడానికి.

నిజానికి మందు పనిచేసింది. కెమెరాలోంచి చూస్తే లోకం చిన్నదవుతుంది. అంచుల అవతల ఏం జరిగినా నా పూచీ కాదు. ఇప్పుడో అప్పుడో దొర్లిపడుతుందనిపించే బండ కూడా ఫొటోలో కదలకుండా ఉంటుంది.

ఆ రోజు అత్తమ్మ తుమ్మచెట్టు నీడలో పల్లికాయ ఒలుస్తోంది. పిల్లలిద్దరూ నా వెనకే ఉన్నారనుకున్నాను. నేలంతా ఎండి, పెంకులు పెంకులుగా నెర్రెలిచ్చింది. ముందు నెర్రెలు, చివర నీళ్ల గీత. నడుమ రెండు చిన్న ఆకారాలు ఉంటే ఆ నేల ఎంత పెద్దదో తెలుస్తుంది కదా అనుకున్నాను. అదృష్టం చూడండి, సరిగ్గా అక్కడే రెండు ఆకారాలున్నాయి. నొక్కాను. హాయిగా అనిపించింది. అప్పుడు భయమేసి తల ఎత్తాను. రెంటిలో చిన్నది, ఉండాల్సినదాని కన్నా పొట్టిగా ఉంది.

పైన పెంకు ఎండినా, నీళ్ల దగ్గర లోపలంతా ఒండే. కొడుకు మోకాళ్ల దాకా దిగిపోయాడు. వాణ్ని గుంజబోయి వాడి అక్క, నా బిడ్డ కూడా దిగుతోంది. ఇద్దరూ అరుస్తున్నారు, ఎప్పటినుంచో నాకు తెలియదు. కెమెరా అక్కడే పడేసి ఉరికాను. వాళ్లకు చేరువగా పోయేసరికి నా కాళ్లూ దిగబడ్డాయి. కుక్క కరిస్తే, కరెంటు తీగ తగిలితే, జాతరలో తప్పిపోతే ఏం చేయాలో ఎన్నోసార్లు ఆలోచించి పెట్టుకున్నాను. బురద సంగతి మాత్రం ఎన్నడూ తోచలేదు.

"ఉరకకు పిల్లా! పండుకో! పోరగాళ్లను గూడ బోర్ల పండుకోమను!" వెనకనుంచి అత్తమ్మ కేక.

పండుకున్నాను. పాకుతూ పోయి చున్నీ విసిరితే బిడ్డ అందుకొని ముందు బయటపడింది. కొడుకు కాళ్లు ఒక్కొక్కటే పీకాల్సి వచ్చింది. చెప్పులు ఒండులోనే ఉండిపోయాయి. గట్టి నేల మీదికి రాగానే వాడు ఏడుపు ఆపి, "అమ్మా, నా చెప్పులు పోయినయి," అని నన్నే నేరస్థురాలిని చేశాడు.

సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, మేం నోరు తెరవకముందే కెమెరా చూశాడు. "అబ్బ! ఇది మస్తుగొచ్చింది. పిల్లలను గట్ల నిలబెట్టాలని నీకెట్ల తోచింది?"

"నిలబెట్టలే కొడుకా," అంది అత్తమ్మ. "నాటేసింది."

సంగతంతా విన్నాక ఆయన లేచి కెమెరాను సజ్జ మీద పెట్టబోయాడు. నేనూ అడ్డు చెప్పలేదు. ఏ మొహం పెట్టుకొని చెబుతాను? చెప్పింది అత్తమ్మే.

"కింద పెట్టురా. అది లేకుంటె మల్ల పోరగాళ్ల ముక్కు కాడ ఏలు పెట్టి ఊపిరి చూసుకుంట రాత్రంత కూసుంటది."

ఆమె చూస్తోందని నాకు అప్పటిదాకా తెలియదు. కెమెరా బల్ల మీదికి వచ్చింది. ఆ ఫొటో నేను తీసినవాటన్నింటిలోకీ మంచిది; ఇన్ని రోజుల తర్వాత, అందరూ పడుకున్నాక, ఇది రాస్తూ కూడా దాన్ని తుడిచేయలేకపోతున్నాను.

ఆ మర్నాడు పొద్దున ఉప్మా తింటూ కొడుకు, "మల్ల ఎప్పుడు పోదాం?" అన్నాడు. నీళ్ల గురించి, ఒండు గురించి చెప్పాలని తయారుచేసుకున్న మాటలు చాలా ఉన్నాయి. అవన్నీ మింగేసి ఇద్దరికీ చెప్పాను:

"కెమెరా కంటికి పెట్టుకున్నప్పుడు అమ్మ అక్కడ లేదనుకోండ్రి. పిలిస్తె పలకకుంటె జడ పట్టి గుంజుండ్రి. ఫొటో ఖరాబైతె కానీ."