రేడియో పైన గౌను పాపాయి

ఇవాళ రుఆబాంధాలో మా అన్నయ్య వాళ్లింట్లో, నెల కూడా నిండని వాళ్ల మనవడికి ఫొటోలు తీశారు. ఫొటోగ్రాఫరమ్మాయి వాణ్ని మెత్తటి బుట్టలో పడుకోబెడుతుంటే పసిపిల్లల పౌడరు వాసన గుప్పుమంది. అంతే, క్యాంప్ వన్‌లో మా పాత ఇల్లు కళ్లముందుకొచ్చింది.

చిన్ననాటి నేస్తాలూ, ఆ ఇంట్లో మా రేడియో పైన గోడకున్న నలుపు తెలుపు ఫొటో గుర్తుందా? కుచ్చుల గౌను, నుదుట బొట్టు, బుగ్గన దిష్టిచుక్క. "అచ్చం నువ్వేనే" అనేవారు మీరంతా. ఎంత మురిసిపోయేదాన్నో!

ఇవాళ ఫొటోలు తీస్తుంటే ఆ మాటే అన్నాను. పక్కనే ఉన్న అమ్మ పకపకా నవ్వింది.

"నువ్వేటే? అది మీ అన్నయ్య. మగపిల్లడికి దిష్టి తగలకుండా ఆడపిల్ల వేషమేసి తీయించేం."

"మరి ఇన్నాళ్లూ నేనేనన్నావు?"

"సంబరపడతన్నావని ఊరుకున్నాను."

"నా ఫొటో ఏదమ్మా?"

"ఆడపిల్లకి ఫొటో ఏటని మీ నాన్న తీయించనేదు. ఆ గౌను మాత్రం దాచి నీకే తొడిగేను కదేటి!"

అన్నయ్య కూడా నవ్వుతున్నాడు. వాడికీ తెలుసన్నమాట.

మా ఇంటి గోడ మీదున్న ఒకే ఒక్క ఆడపిల్ల, మగపిల్లాడట.